లైఫ్ కోచ్ అంటే అసలు ఏం చేస్తారు? డబ్బు కట్టేముందు ఏం చూసుకోవాలి?

గట్టుమీది గాలి (పాలకొల్లు):

అందరికీ నమస్కారమండి. ఈమధ్య ఫోను తెరిస్తే చాలు, లైఫ్ కోచింగ్ ప్రకటనలే. "మూడు నెలల్లో మీ జీవితం మారిపోతుంది" అంటారు తప్ప లోపల ఏం జరుగుతుందో ఒక్కరూ చెప్పట్లేదు.

అడిగేది మా పిన్ని కొడుకు కోసం. వయసు 29, బీటెక్ అయింది. బాబాయితో కలిసి ఏడెకరాల రొయ్యల చెరువులు చూస్తున్నాడు, అందులో నాలుగెకరాలు లీజువి. చెరువులు కొనసాగించాలా, హైదరాబాద్ వెళ్లి ఉద్యోగం చూసుకోవాలా అన్నది ఏడాదిగా తేలట్లేదు. తిండి, నిద్ర, పని అన్నీ బానే ఉన్నాయి, ఇదొక్కటే తెగట్లేదు. ఒకాయన 12 సెషన్లకు 36 వేలు అడిగారు. మొత్తం ముందే కట్టాలట.

సెషన్‌లో నిజంగా ఏం చేస్తారు? సైకాలజిస్టుకీ వీళ్లకీ తేడా ఏమిటి? ఆ సర్టిఫికెట్లకు విలువ ఉందా? ఇలాంటివాడికి పనికొస్తుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మూడో లాకు:

ముందు చివరి ప్రశ్న. మీరు చెప్పినదాన్ని బట్టి కోచింగ్‌కి సరిపోయే మనిషే. తింటున్నాడు, నిద్రపోతున్నాడు, పని చేసుకుంటున్నాడు, ఒక్క నిర్ణయం దగ్గర ఆగిపోయాడు. కోచింగ్ ఉన్నదే అలాంటివాళ్ల కోసం.

కోచ్ సలహాలివ్వడు. రొయ్యల సాగు గురించి అతనికేమీ తెలియకపోయినా ఫర్వాలేదు. అతను చేసేవి మూడు పనులు: ఎదుటి మనిషి తలలో తిరుగుతున్నదాన్ని పైకి చెప్పించడం, అందులోంచి తేలినదాన్ని తేదీ ఉన్న పనిగా మార్చడం, ఆ పని అయిందా లేదా అని మళ్లీ వారం అడగడం. మూడోదానికే మనం సగం డబ్బు ఇస్తున్నాం అనుకోండి. గంటలో పావు వంతుకి మించి కోచే మాట్లాడుతున్నాడంటే అది ఉపన్యాసం, కోచింగ్ కాదు.

ఈ పద్ధతి ఆటల నుంచి వచ్చింది. 1970లలో టిమొతీ గాల్వే అనే అమెరికా టెన్నిస్ శిక్షకుడు ఒకటి గమనించాడు. "చెయ్యి ఇలా తిప్పు" అని చెప్తే ఆటగాడు బిగుసుకుపోతున్నాడు, "బంతి ఎలా వస్తోందో చూసి చెప్పు" అంటే తనంతట తానే సరిదిద్దుకుంటున్నాడు. తర్వాత బ్రిటన్‌లో జాన్ విట్మోర్, ఆయనతో పనిచేసినవాళ్లు దీన్ని ఆఫీసులకు తెచ్చారు. ఇవాళ కోచ్‌లలో చాలామంది వాడే "గ్రో" పద్ధతి 1992 తర్వాత విట్మోర్ రాతలతోనే బాగా వ్యాపించింది. అందులో నాలుగు మెట్లు: ఏం కావాలి, ఇప్పుడు ఎక్కడున్నాం, ఏమేం దారులున్నాయి, ఏది ఎప్పుడు చేస్తాం.

మీవాడి సంగతే తీసుకుందాం. "చెరువా, ఉద్యోగమా" అన్నది గమ్యం కాదు, ప్రశ్న. అలాంటి ప్రశ్న చుట్టూ ఎన్నేళ్లయినా తిరగొచ్చు. మంచి కోచ్ ముందు దాన్ని ఇలా మారుస్తాడు: "లీజు మళ్లీ రాసుకునే తేదీకి పది రోజుల ముందే, వచ్చే పంటకు ఎన్నెకరాల్లో సీడ్ (రొయ్య పిల్లలు) వేయాలో నాన్నగారితో కూర్చుని తేల్చి, కాగితం మీద పెట్టడం." లీజు గడువు, సీడ్ వేసే రోజు ఎలాగూ వస్తాయి. నిర్ణయాన్ని వాటికి కడితేనే కదులుతుంది. "ఈ ఏడాదిలోగా" అన్నది ఎప్పటికీ రాదు.

రెండో మెట్టు లెక్క. ఇక్కడే చాలామంది తొందరపడి దాటేస్తారు, నా ఉద్దేశంలో అసలు సరుకంతా ఇక్కడే ఉంటుంది. గడిచిన మూడు పంటల్లో సీడ్‌కెంత, మేతకెంత, కరెంటు, డీజిల్‌కెంత, లీజుకెంత, పట్టుబడి (చెరువులో పట్టిన సరుకు) ఏ కౌంట్‌లో (కిలోకి ఎన్ని రొయ్యలు) వచ్చింది, ఎకరాకు ఎంత మిగిలింది? మేతే సగానికి పైగా తినేస్తుందని అందరికీ తెలుసు కానీ కచ్చితమైన అంకె చాలా ఇళ్లలో ఉండదు. మేత డీలరు ఖాతా పుస్తకంలో ఉంటుంది, తండ్రి నోట్లో ఉంటుంది. ఉద్యోగం వైపు కూడా అదే లెక్క: ఎన్నింటికి దరఖాస్తు పెట్టాడు, ఎంతమంది పిలిచారు, హైదరాబాద్‌లో అద్దె, తిండి పోను నెలకు ఎంత మిగులుతుంది? సున్నా దరఖాస్తులు పెట్టి ఏడాదిగా ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నాడని తేలితే సిగ్గుపడక్కర్లేదు. ఆ వారం పనేమిటో తెలిసిపోయింది.

మూడోది దారులు. కనీసం ఆరు రాయించాలి. మొదటి రెండూ ఏడాదిగా నలిగినవే వస్తాయి. నాలుగోది దగ్గర్నుంచి కొత్తవి మొదలవుతాయి: లీజు నాలుగెకరాలు వదిలేసి సొంత మూడు ఉంచుకోవడం, ఒక పంటకాలం మాత్రం బయట పనిచేసి చూడటం, భీమవరం చుట్టుపక్కల మేత కంపెనీలో, ప్రాసెసింగ్ ప్లాంటులో, ల్యాబ్‌లో ఉద్యోగం చూసుకోవడం, చెరువు మీద మనిషిని పెట్టడం. దారులు రాసేటప్పుడు "అది కుదరదు" అన్న మాట రానివ్వకూడదు. వడపోత తర్వాత.

నాలుగోది పని. ఏం చేస్తావు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం అడ్డం రావచ్చు, ఎవరికి చెప్తావు? చివర్లో "ఇది చేస్తావని పదికి ఎంత నమ్మకం?" అని అడుగుతారు. ఏడు దాటకపోతే పని పెద్దదైందని అర్థం, చిన్నది చెయ్యాలి. "నాన్నతో మాట్లాడతాను" అన్నదానికి నాలుగు వస్తే "ఆదివారం డీలరు దగ్గరకెళ్లి రెండు పంటల బిల్లులు తెస్తాను" అనేదానికి తొమ్మిది వస్తుంది. ఆ వారానికి అది చాలు.

అంకె అడగడంలో ఒక కిటుకుంది. మనిషి "నాలుగు" అంటే "ఎనిమిది ఎందుకు కాదు?" అని అడిగితే సాకులు చెప్తాడు. "రెండు ఎందుకు కాదు?" అని అడిగితే తన దగ్గర ఉన్న కారణాలు, బలాలు చెప్తాడు, చెప్తూ తానే వింటాడు. ఇది విలియం మిల్లర్ 1980లలో తాగుడు మాన్పించే చికిత్సలో మొదలుపెట్టిన మాటల పద్ధతిలోది. కోచ్‌లు అక్కణ్నుంచి తీసుకున్నారు.

అలాగే పనిని సమయానికి కట్టడం. "మేత లెక్క రాస్తాను" అంటే రాయడు. "సాయంత్రం మేత వేసి చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే పళ్లెం) చూశాక, షెడ్డులో కూర్చోగానే ఆ రోజు మేత కిలోలు పుస్తకంలో రాస్తాను" అంటే రాస్తాడు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త ఎన్నో ప్రయోగాల్లో చూపించింది ఇదే: "ఫలానాది జరగ్గానే ఫలానా పని" అని ముందే అనుకున్నవాళ్లు, ఉత్తినే "చేస్తాను" అనుకున్నవాళ్ల కంటే ఎక్కువగా చేస్తారు.

సెషన్ 45 నుంచి 60 నిమిషాలు ఉంటుంది. మొదటిది గంటన్నర దాకా పోవచ్చు. మొదటి పది నిమిషాలు పోయిన వారం పని, చివరి పది నిమిషాలు వచ్చే వారం పని, మధ్యలోది చర్చ. కొందరు మొదట్లో గుండ్రంగా బొమ్మ గీయించి ఉద్యోగం, డబ్బు, ఆరోగ్యం, ఇల్లు అని ఒక్కోదానికి పదికి మార్కులు వేయిస్తారు. దేనితో మొదలెట్టాలో తేల్చుకోడానికి అది పనికొస్తుంది, అరగంట చాలు. మూడు సెషన్లు దానికే రంగులేయిస్తే లేచి వచ్చేయండి.

తెల్లకోటు:

సైకాలజిస్టుతో తేడా గురించి నేను చెప్తాను. ఇది పొరపాటైతే డబ్బుతో పోయేది కాదు.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదైనవారు, జబ్బును అంచనా వేసి మాటలతో చికిత్స చేస్తారు. అడిగితే నమోదు నంబరు చెప్పాలి. లైఫ్ కోచ్‌కి మన దేశంలో లైసెన్సు లేదు, ఫలానా చదువు చదవాలన్న చట్టం లేదు. రేపు పొద్దున ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అందుకని కోచ్‌లంతా మోసగాళ్లని కాదు. జబ్బు వాళ్ల పరిధి కాదని చెప్తున్నాను.

గీత ఎక్కడ గీయాలంటే: రెండు వారాల పాటు, దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, లేదా ఇష్టమైనవాటి మీద కూడా మనసు లేకపోవడం. దాంతో పాటు నిద్ర చెడటం, ఆకలి పోవడం, ఒళ్లు కదలకపోవడం, "నేను పనికిరాను" అనుకోవడం. ఇవి ఉంటే ముందు డాక్టరు. లక్ష్యాలూ, వారం పనులూ అప్పుడు పెడితే చేయలేక ఇంకా కుంగిపోతారు. తాగుడు రోజువారీ అయితే కూడా అంతే.

చనిపోవాలన్న మాట ఏ రూపంలో వచ్చినా, "నేను లేకపోతే అప్పుల గొడవ వదిలిపోతుంది" అన్నా సరే, కోచింగ్ అక్కడితో ఆపాలి. మనిషిని ఒంటరిగా వదలకుండా, "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఇంట్లో, చెరువు షెడ్డులో ఉన్న పురుగుమందు డబ్బాలు ఆ రోజే వేరే ఇంటికి మార్చేయాలి. ఆ ఊపు చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, అప్పుడు మందు చేతికందకపోతే ప్రాణం దక్కుతుంది. టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలెట్టింది, రోజంతా ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీతోనే చూస్తారు.

ఇంకొకటి. "బద్ధకం, ఏ పనీ చేయబుద్ధి కావట్లేదు" అని కోచ్ దగ్గరకు పోయేవాళ్లు ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, బి12 చూపించుకోవడం మేలు. రాత్రంతా ఏరేటర్లకు (చెరువు నీటికి గాలి పట్టించే యంత్రాలకు) కాపలా కాసేవాళ్లకైతే కారణం ఇంకా దగ్గర్లోనే ఉంది: నిద్ర లేదు. దానికి కావలసింది షిఫ్టు మార్చుకునే మనిషి.

మీ పిన్నిగారి అబ్బాయి నిద్ర బానే ఉందన్నారు. ఇంట్లోవాళ్లు చూసి చెప్పే నిద్ర వేరు. అతన్నే ఒకసారి అడగండి.

ఆయ్‌బాబోయ్:

36 వేలు పెడితే చెరువు నీటిలో ఆక్సిజన్ కొలిచే మంచి డిజాల్వ్‌డ్ ఆక్సిజన్ మీటరు వస్తుందండి. అది తెల్లారుజామున నిజం చెప్తుంది. ఇంట్లో మేనమావలు, బాబాయిలు ఉండగా అడగడానికి కోచ్ ఎందుకు?

లెక్కల పుస్తకం:

ఆయ్‌బాబోయ్ గారూ, మీటరు మాట కాదనలేను కానీ మేనమావ మాట వేరే. మేనమావకి ఆ చెరువు మీద ఒక అభిప్రాయం ఉంటుంది, బాబాయికి అప్పు ఇచ్చిన డబ్బు ఉంటుంది. ఫలితంతో ఏ సంబంధమూ లేని మనిషి అడగటంలోనే కోచింగ్‌కి ఉన్న కాస్త విలువ.

ఇక సర్టిఫికెట్లు. ఎక్కువగా వినబడేది ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, పొట్టిగా ఐసీఎఫ్. అమెరికాలో 1995లో పెట్టారు. మూడు అంచెలు ఇస్తుంది. ఏసీసీ అంటే కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం. పీసీసీ అంటే 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. ఎంసీసీ అంటే 200, 2,500. వీటితో పాటు పరీక్ష ఉంటుంది, మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. వాళ్ల వెబ్‌సైటులో పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. ఇక్కడ చాలా బ్రోచర్లలో ఉండే తిరకాసేమిటంటే, ఐసీఎఫ్ గుర్తించిన కోర్సులో కూర్చున్నవాళ్లు కూడా ఆ ముద్ర వేసుకుంటారు. కోర్సులో కూర్చోవడం, అర్హత పొందడం ఒకటి కాదు. "మీ అర్హత ఏ అంచె, ఏ తేదీ దాకా చెల్లుతుంది?" అని అడిగితే అరనిమిషంలో తేలిపోతుంది. శనాదివారాల్లో ఇచ్చే రెండు రోజుల సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించుకున్నవాళ్లకు ఈ ప్రశ్న నచ్చదు.

అర్హత అంటే గంటలు గడిచాయని మాత్రమే, మీవాడితో కుదురుతుందని కాదు. కుదురుతుందో లేదో ఉచితంగా ఇచ్చే మొదటి 20, 30 నిమిషాల మాటల్లో చూడాలి. ఎవరు ఎక్కువ మాట్లాడారు? మీవాడు ఏడాదిగా అనని మాట ఒక్కటైనా అన్నాడా? "మీకు నా దగ్గరకంటే ఫలానా వారి దగ్గర మేలు" అనగల మనిషేనా?

డబ్బు దగ్గరకొస్తే, 36 వేలకు 12 సెషన్లంటే ఒక్కోటి 3 వేలు. ఆ రేటు గురించి నేనేమీ అనను. మొత్తం ముందే అడగడమే నాకు నచ్చలేదు. రెండు సెషన్లకు కట్టి, కుదిరితే నాలుగేసి చొప్పున కట్టడం సబబు. బిల్లులో జీఎస్టీ వేస్తే 18 శాతం, అంటే 6,480 అదనం. సేవలకు ఏడాదికి 20 లక్షల రాబడి దాటితేనే నమోదు తప్పనిసరి కాబట్టి చిన్న కోచ్‌కి జీఎస్టీ లేకపోవడం తప్పు కాదు. కానీ జీఎస్టీ వసూలు చేస్తూ నంబరు చూపించకపోతే తప్పు. నంబరు జీఎస్టీ పోర్టల్‌లో కొడితే పేరు వస్తుంది.

కాగితం మీద ఉండాల్సినవి: ఎన్ని సెషన్లు, ఒక్కోటి ఎన్ని నిమిషాలు, ఎన్ని రోజుల్లోపు వాడుకోవాలి, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి (మామూలుగా 24 గంటలు), మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, మధ్యరోజుల్లో వాట్సాప్‌లో ఎంతవరకు జవాబిస్తారు, మాటలు రికార్డు చేస్తారా, చేస్తే ఎవరి దగ్గర ఉంటాయి, రహస్యం ఎప్పుడు ఆగుతుంది. ప్రాణానికి ముప్పు ఉంటే ఇంట్లోవాళ్లకు చెప్తానని నిజాయితీ ఉన్న కోచ్ ముందే రాస్తాడు. "విజయగాథ" పేరుతో ఫొటో, వీడియో వాడుకుంటామన్న వాక్యం అడుగున ఎక్కడో ఉంటుంది, కొట్టేయించండి.

పారిపోవాల్సిన గుర్తులు నా లెక్కలో రెండు. ఒకటి, మూడో సెషన్‌కల్లా "మీరూ కోచ్ కావచ్చు, ఇంకో లక్ష కట్టండి" అనడం. అక్కడ సరుకు మీవాడే. రెండు, "మీ రాబడి తక్కువకు మీ ఆలోచనా విధానమే కారణం" అనడం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్టు మీద రైతు ఆలోచన మార్చుకుంటే కౌంట్ రేటు పెరిగేదా? ధర, వైరస్, కరెంటు కోత మనిషి చేతిలో లేనివి. ఎన్నెకరాల్లో వేయాలి, ఎంత అప్పు చేయాలి, ఎప్పుడు పట్టాలి అన్నవి చేతిలో ఉన్నవి. ఈ రెండింటినీ వేరు చేయించేవాడు కోచ్, కలిపేసేవాడు వ్యాపారి. "రాబడి రెట్టింపు గ్యారంటీ" అని రాతపూర్వకంగా ప్రకటించి మోసం చేస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్, కట్టిన రసీదు దాచుకోండి.

గట్టుమీది గాలి:

చాలా వివరంగా చెప్పారండి, ధన్యవాదాలు. వాణ్ని అడిగాను, నిద్ర నిజంగానే బానే ఉందన్నాడు. రెండు సందేహాలు మిగిలాయి. హైదరాబాద్, బెంగళూరు కోచ్‌లు ఆన్‌లైన్‌లో చేస్తామంటున్నారు, మన ఊళ్ల పరిస్థితి వాళ్లకు అర్థమవుతుందా? రెండోది, ముందు డబ్బు పెట్టకుండా నేనో, వాడి స్నేహితుడో ఈ పద్ధతిలో ప్రయత్నించవచ్చా?

లంక ఊరు:

మొదటి సందేహానికి. ఆన్‌లైన్ అయినా ఫర్వాలేదు కానీ మూడు విషయాలు మీవాడే కోచ్‌కి ముందుగా చెప్పాలి. అవి తెలియక ఇక్కడ మంచి కోచ్‌లు కూడా బోల్తా పడుతుంటారు.

మొదటిది, నిర్ణయం ఒక్కడిది కాదు. పట్నం కోచ్ "నీకేం కావాలి?" అని అడుగుతాడు. ఇక్కడ పొలం తాతగారి పేరున, లీజు నాన్న మాట మీద, పెట్టుబడి మేత డీలరు అరువు మీద, ఒక్కోసారి అమ్మ బంగారం బ్యాంకులో. "నాకు హైదరాబాద్ కావాలి" అని సెషన్‌లో ధైర్యంగా అని, ఇంటికొచ్చి భోజనాల దగ్గర నోరు పెగలదు. అందుకని మొదటి సెషన్‌లోనే ఒక కాగితం తీసి నాలుగు గడులు గీయించాలి: ఈ నిర్ణయానికి ఎవరు ఒప్పుకోవాలి, ఎవరిని అడగాలి, ఎవరికి చెప్తే చాలు, ఎవరి డబ్బు ఇరుక్కుని ఉంది. డీలరు అరువు తీరకుండా చెరువు వదలడం కుదరదు కాబట్టి నాలుగో గడే చాలాసార్లు అసలు తాళం. తండ్రితో మాట్లాడటం అనేదాన్ని ఒక సెషన్ నిండా సాధన చేయించాలి: ఏ వేళ, ఎక్కడ, మొదటి వాక్యం ఏమిటి, ఆయన "అయితే వెళ్లిపో" అంటే రెండో వాక్యం ఏమిటి. పట్టుబడి రోజునో, చెరువులో రొయ్య తేలిన రోజునో ఈ మాట ఎత్తకూడదు. లెక్కల కాగితం పట్టుకుని "నాన్నా, రెండు పంటల లెక్క వేశాను, తప్పులుంటే చూడండి" అని మొదలెడితే ఆయన పెద్దరికం నిలబడుతుంది, మాటా నడుస్తుంది.

రెండోది క్యాలెండరు. వారం వారం 12 సెషన్లన్న ప్యాకేజీ ఉద్యోగస్తుల కోసం అల్లింది. రొయ్య పంట మూడు నుంచి నాలుగు నెలలు, అందులో చివరి నెల రైతు మనసు ఇంకెక్కడా ఉండదు. వరి ఉన్న ఇంట్లో సార్వా (ఖరీఫ్) ఊడ్పులు, కోతలు, దాళ్వా (రబీ) కోతలు అలాంటివే. కాబట్టి ముందు వారానికొకటి చొప్పున నాలుగు, తర్వాత పదిహేను రోజులకొకటి చొప్పున నాలుగు, ఆపైన నెలకొక ఫోను అని అడగండి. పంట పట్టాక, మళ్లీ చెరువు ఎండబెట్టి సీడ్ వేసేలోపు దొరికే వారాలు దీనికి శ్రేష్ఠం. వ్యవసాయానికైతే వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక దొరికే వారాలు. సంక్రాంతి నాలుగు రోజులకీ ఏ గడువూ పెట్టకండి. కోడిపందేల బరి దగ్గర ఎవరూ లక్ష్యాలు గుర్తు చేసుకోరు.

మూడోది చోటు. ఇంట్లో అరుగు మీదో, హాల్లోనో కూర్చుని వీడియోలో మాట్లాడితే అందరూ వింటారు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే కోచ్ మాటలే దాగుతాయి, మనవి కాదు. అప్పుడు సగం మాటలు వంటింట్లో వాళ్ల కోసం చెప్పినవే అవుతాయి. చెరువు గట్టు మీద షెడ్డు, పగటిపూట, సిగ్నల్ చూసుకుని, కెమెరా లేకుండా మాటే చాలు. లేసు అల్లికలు చేసే ఆడవాళ్లకు, గల్ఫ్ నుంచి వచ్చేసి ఇక్కడ ఏం చేయాలో ఆలోచిస్తున్నవాళ్లకు ఇది ఇంకా పెద్ద చిక్కు. ఫోను ఇంట్లో అందరిదీ, మెసేజ్‌లు పిల్లలు చదువుతారు. వాళ్లకు వాట్సాప్ హోంవర్క్ పెట్టొద్దని, పుస్తకంలో రాసుకోనివ్వమని కోచ్‌కి చెప్పాలి.

ఇంకో మాట, అడిగే తీరు గురించి. "మీకు ఎలా అనిపిస్తోంది?" అంటే మన దగ్గర వచ్చే జవాబు "బానే ఉందండి". అక్కడితో సరి. "నిన్న చెరువు దగ్గర్నుంచి ఇంటికొచ్చేటప్పుడు దారిలో ఏం ఆలోచించావు?" అంటే మాట కదులుతుంది. ఉచిత పరిచయంలో కోచ్ ఏ రకం ప్రశ్నలు వేస్తున్నాడో గమనించండి. ఊరు తెలియకపోయినా ఇలా అడగగలిగితే చాలు. ఊరు తెలిసి అడగలేనివాడి కంటే నయం.

మూడో లాకు:

రెండో సందేహానికి: ప్రయత్నించవచ్చు, కానీ మీరు కాకుండా స్నేహితుడే మేలు. మీరు ఇంటి మనిషి, మీ పిన్నిగారు మిమ్మల్ని "వాడేమన్నాడు?" అని అడగకుండా ఉండరు. చెరువుల్లో వాటా ఉన్న స్నేహితుడు, అప్పిచ్చిన స్నేహితుడు వద్దు.

వారానికొకసారి 40 నిమిషాలు, నాలుగు వారాలు. ఫోన్లు పక్కన పెట్టి, ఒక నోట్‌బుక్, గడియారం. మొదటి 5 నిమిషాలు పోయిన వారం పని అయిందా లేదా. తర్వాత 5 నిమిషాల్లో "ఇవాళ లేచేసరికి ఏం తేలాలి?" అన్నదానికి ఒక్క వాక్యం రాయాలి. 10 నిమిషాలు లెక్కలూ, ఉన్న పరిస్థితీ. 10 నిమిషాలు దారులు. చివరి 10 నిమిషాలు ఒక్క పని, రోజు, వేళ, పదికి అంకె. రాసేది మీవాడే, స్నేహితుడు కాదు. తన చేతిరాతలో ఉన్నదాన్ని "నేననలేదు" అనడం కష్టం.

స్నేహితుడికి మొదటి అరగంట సలహా చెప్పే హక్కు లేదు. "నేనైతే..." అని మొదలెట్టిన ప్రతిసారీ ఆపేయాలి. "ఎందుకు చేయలేదు?" అని అడగొద్దు, అది నిలదీసినట్టుంటుంది. "ఏం అడ్డమొచ్చింది?" అని అడగాలి. అడిగాక ఊరుకోవాలి. పది సెకన్ల మౌనం భరించలేక మనమే జవాబు అందించేస్తాం, అసలు మాట ఆ తర్వాతే వచ్చేది.

చెడేది ఎక్కడంటే, రెండో వారం. పని చేయడు, ఇద్దరూ నవ్వేసి వేరే కబుర్లలో పడతారు. అప్పుడు తిట్టుకోనక్కర్లేదు, పనిని సగానికి కోయాలి. బిల్లులన్నీ కాదు, ఒక్క పంటవి. అదీ కాకపోతే మూడోసారి అదే పని పెట్టకూడదు. అడ్డం బద్ధకం కాదు, దాని వెనక ఏదో ఉంది. డీలరుకి మొహం చూపించలేని బాకీ కావచ్చు, తండ్రికి తెలియని అప్పు కావచ్చు. స్నేహితుడితో చెప్పలేనిది అలాంటిదే అయితే అప్పుడు బయటి కోచ్‌కి డబ్బు పెట్టడం దండగ కాదు. రెండు సెషన్లకే కట్టి, నాలుగు వారాల నోట్‌బుక్ పట్టుకెళ్లండి. మొదటి గంట పరిచయాలకు పోకుండా నేరుగా అక్కడే మొదలవుతుంది.

గట్టుమీది గాలి:

వాడి ఇంజనీరింగ్ స్నేహితుడు తణుకులో ఉన్నాడు, చెరువులతో ఏ సంబంధమూ లేదు. ఈ పంట పట్టుబడి అయ్యాక వచ్చే ఆదివారం మొదలెడతారు. మేత బిల్లులు డీలరు ఇవ్వనంటే ఏం చేయాలి?

లెక్కల పుస్తకం:

బిల్లులు కాదు, ఖాతా నకలు అడగమనండి. బాకీ ఎంతుందో చూసుకుని కట్టడానికి అంటే ఏ డీలరూ కాదనడు. బస్తాల సంఖ్య, తేదీ, రేటు అందులో ఉంటాయి. కరెంటు బిల్లులు సర్వీసు నంబరు కొడితే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సైటులో దొరుకుతాయి. పట్టుబడి తూకం చీటీలు కొన్న ఏజెంటు దగ్గర ఉంటాయి, పంట వారీగా టన్నులూ కౌంటూ రేటూ రాసుకుంటే మూడు పేజీల్లో అయిపోతుంది.